క్రీడాకారులలో జత్రుక విరుగుట - శస్త్రచికిత్స

జత్రుక అనేది రొమ్ము ఎముకను, భుజం వెనుక ఉండే అంసఫలకాన్ని కలిపే ఎముక. దీనిని వాడుకలో కాలర్ బోన్ అంటారు. సైకిల్ పందాలు, మోటారుసైకిల్ పందాలు, రగ్బీ, గుర్రపుస్వారీ వంటి క్రీడలలో భుజం నేలకు బలంగా తగిలినపుడు ఇది తరచుగా విరుగుతుంది. విరిగిన సందర్భాలలో సుమారు 80 శాతం ఎముక నడిమి భాగానికి చెందినవి.

చికిత్స ఎంపిక

ముక్కలు పెద్దగా తొలగనపుడు చేతిని మెడకు వేలాడే కట్టులో ఉంచితే ఎముక దానంతట అదే అతుకుతుంది. ఎముక చర్మాన్ని చీల్చినపుడు, రక్తనాళాలు లేదా నాడులు దెబ్బతిన్నపుడు శస్త్రచికిత్స అవసరమవుతుంది. ముక్కలు ఒకదానిపై ఒకటి జరిగి ఎముక పొడవు సుమారు 2 సెంటీమీటర్లకు మించి తగ్గినపుడు కూడా దీనిని పరిశీలిస్తారు.

1960లో అమెరికా వైద్యుడు చార్లెస్ నీర్ ప్రచురించిన పరిశీలన ప్రకారం, శస్త్రచికిత్స లేకుండా ఎముక అతకకపోవడం చాలా అరుదు. ఈ అభిప్రాయం దశాబ్దాలపాటు కొనసాగింది. ముక్కలు పూర్తిగా తొలగిన 132 మందిపై కెనడా వైద్యులు జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పలక అమర్చినవారిలో ఎముక అతకకపోవడం, వంకరగా అతకడం తక్కువగా కనిపించాయి.

శస్త్రచికిత్స విధానం

ముక్కలను సరిచేసి, ఎముకపై టైటానియం లేదా స్టీలు పలకను మరలతో బిగిస్తారు. కొందరిలో పలకకు బదులు ఎముక లోపలికి సన్నని కడ్డీని పంపుతారు. జత్రుక క్రిందుగా చేతికి వెళ్ళే ప్రధాన రక్తనాళాలు, నాడులు ఉండుట వలన రంధ్రాలు వేయునపుడు జాగ్రత్త అవసరం. గాయం చుట్టూ తిమ్మిరి, ఇన్‌ఫెక్షన్, పలక చర్మానికి ఒత్తుకొనుట దీని దుష్ఫలితాలు. ఒత్తిడి కలిగించే పలకను తీసివేయడానికి మరొక శస్త్రచికిత్స కావలసిరావచ్చు.

తిరిగి ఆడుట

పలక ముక్కలను కదలకుండా పట్టి ఉంచుతుంది కాని, ఎముకను అతికించదు. పెద్దలలో ఎముక అతకడానికి సాధారణంగా 6 నుండి 12 వారాలు పడుతుంది. అంతకు ముందే ఆటకు దిగితే భారమంతా పలకపై పడుతుంది.

స్పెయిన్ మోటారుసైకిల్ పందెగాడు హోర్హే లోరెంజో ఉదంతం దీనికి ఉదాహరణ. 2013 జూన్ 27న నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో అతని ఎడమ జత్రుక విరిగింది. బార్సిలోనాలో పలక అమర్చగా, జూన్ 29న పందెంలో పాల్గొని ఐదవ స్థానం పొందాడు. జూలైలో జర్మనీలోని జాక్సెన్‌రింగ్‌లో మళ్ళీ పడినపుడు ఆ పలక వంగిపోయి, రెండవసారి శస్త్రచికిత్స చేయవలసివచ్చింది.

అందువలన నొప్పి తగ్గడాన్ని మాత్రమే కాక, ఎక్స్-రేలో ఎముక అతుకును, భుజం కదలికను, బలాన్ని కూడా చూసిన తరువాతే ఒకరినొకరు ఢీకొనే ఆటలకు అనుమతించడం క్షేమకరం.