టీ మనకు ఎవరు అలవాటు చేశారు?

పొద్దున్నే టీ పడకపోతే మనకి పని సాగదు. పొలంలో కూలీలకి టైముకి టీ అందకపోతే మాట పడాల్సిందే. తాతముత్తాతల నుంచీ ఇంతే అనుకుంటాం గానీ, కాదు. వాళ్ళకి పొద్దున్నే చద్దన్నం, గంజి, అంబలి, మజ్జిగ. టీ చాలా వెనకొచ్చింది. అదీ దానంతట అది రాలేదు, తెచ్చి పెట్టారు.

అస్సాంలో తెల్లవాళ్ళు టీ తోటలు వేశారు. 1838లో అక్కడి టీ పెట్టెలు మొదటిసారి లండన్‌కి ఓడెక్కాయి. పండేది ఇక్కడ, తాగేది అక్కడ. 1903లో ఒక చట్టం తెచ్చారు. ఎగుమతయ్యే టీ మీద కొంచెం సెస్సు వసూలు చేసి, ఆ డబ్బుతో టీకి ప్రచారం చెయ్యాలని.

1930ల్లో ప్రపంచమంతా మాంద్యం వచ్చింది. టీ ధర పడిపోయింది, సరుకు పేరుకుపోయింది. ఎగుమతులు తగ్గించుకుందామని 1933లో దేశాల మధ్య ఒప్పందం కూడా అయ్యింది. మరి మిగిలిన సరుకు ఏం చెయ్యాలి? అప్పుడు వాళ్ళ చూపు గట్టిగా మన మీద పడింది.

ఎలా అలవాటు చేశారో చూడండి. సంతల్లో, ఊళ్ళల్లో మనుషుల్ని పెట్టి టీ కాచి ఊరికే పోశారు. ఎలా కాచాలో రైల్వే స్టేషన్లలో మన భాషల్లోనే బోర్డులు పెట్టారు. పేదవాడు కూడా కొనేలా పైసా ప్యాకెట్లు అమ్మారు. ఫ్యాక్టరీల్లో టీ కోసం విరామం ఇప్పించారు.

అందరూ ఒప్పుకోలేదు. టీ ఒంటికి మంచిది కాదని గాంధీ గారే రాశారు. అయినా ఆగలేదు. టీ కొట్లవాళ్ళు ఆకు తగ్గించి పాలు, చక్కెర ఎక్కువ పోసేవాళ్ళు. ప్రచారం చేసేవాళ్ళకి అది నచ్చలేదు, కానీ జనానికి ఆ రుచే పట్టింది. తర్వాత సీటీసీ మిషన్ మీద చేసిన గుండ్రటి పొడి వచ్చి, కొంచెం వేస్తేనే చిక్కగా దిగడంతో టీ ఇంకా చవకయ్యింది. ఇవాళ మన దేశంలో పండే టీలో నూటికి దాదాపు ఎనభై వంతులు మనమే తాగుతున్నాం.

ఈ కథ ఎందుకు చెప్తున్నానంటే, ధర పడినప్పుడు వాళ్ళు వ్యాపారి గడప దగ్గర నిలబడి ఊరుకోలేదు. తాగేవాడిని తయారు చేసుకున్నారు. వాళ్ళు పెద్ద కంపెనీలు, చట్టం వాళ్ళ చేతిలో ఉంది, మనకేం ఉంది అంటారా? కోళ్ళ రైతుల్ని చూడండి. 1982లో మన బి.వి.రావు గారు ముందుండి జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ పెట్టారు. రైతులే కలిసి గుడ్డు ధర చెప్పుకున్నారు, గుడ్డు తినమని దేశమంతా ప్రచారం చేశారు.

ఇప్పుడు మన కొర్రలు, సజ్జల సంగతి చూడండి. 2023ని చిరుధాన్యాల సంవత్సరమన్నారు. మంచివి తినండి అని అందరూ చెప్పారు. కానీ కొర్రలు ఎంతసేపు నానబెట్టాలో, ఎన్ని నీళ్ళు పొయ్యాలో ఎంతమంది ఇళ్ళల్లో తెలుసు? ఒక పూటకి సరిపడే చిన్న ప్యాకెట్ ఎన్ని కొట్లలో ఉంది? ఒక్కసారి వండి గట్టిపడితే ఆ ఇల్లాలు మళ్ళీ కొనదు.

మన రైతు సంఘాలు బస్తా లెక్కన అమ్మడంతో ఆగకూడదు. బస్తాకి ఐదో పదో పక్కన పెట్టి, సంత రోజు పొయ్యి పెట్టి వండి, నలుగురికి రుచి చూపిస్తే ఎలా ఉంటుంది? మీ ఊళ్ళో ఇది కుదురుతుందా, అడ్డం ఏమొస్తుంది? కింద రాయండి.