ఎల్మర్ గాంట్రీ: పాస్టర్ సేల్స్‌మన్ ఎలా అయ్యాడు?

ఈ రోజు 1960లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఎల్మర్ గాంట్రీ' గురించి మాట్లాడుకుందాం. నేను సినిమా ముందు చూసి, నవల తర్వాత చదివాను. కొన్ని పేజీలు దాటగానే డౌట్ వచ్చింది, ఇతను వేరే మనిషి కదా అని.

సింక్లెయిర్ లూయిస్ 1927లో రాసిన ఆ నవలలో గాంట్రీ నిజంగా పాస్టరే. మొదట బాప్టిస్టు, తర్వాత మెథడిస్టు. తాగుతాడు, ఆడవాళ్లను మోసం చేస్తాడు, అయినా చివరికి పెద్ద చర్చి, పేరు అన్నీ అతనికే దక్కుతాయి. బోస్టన్‌లో ఆ పుస్తకాన్ని నిషేధించారు కూడా.

సినిమాలో మాత్రం ఊరూరా తిరిగే సేల్స్‌మన్. సిస్టర్ షారన్ అనే ప్రచారకురాలి గుడారంలో దూరి, సరుకు అమ్మిన నోటితోనే ప్రసంగాలు మొదలుపెడతాడు. ఎందుకీ మార్పు? అప్పట్లో హాలీవుడ్‌కి ప్రొడక్షన్ కోడ్ అని ఒక రూల్‌బుక్ ఉండేది. మతబోధకులను విలన్లుగా, కామెడీ పాత్రలుగా చూపించకూడదని అందులో రాసుంది. అది పక్కన పెట్టుకుని చూస్తే విషయం అర్థమవుతుంది. పాస్టర్ కాని వాడు ఎంత దొంగైనా రూల్ తప్పినట్టు కాదు!

షారన్ పాత్రలో మాత్రం ఏమీ సెంపుల్ మెక్‌ఫర్సన్ ఛాయలు కనిపిస్తాయి. ఆమె 1923లో లాస్ ఏంజెలస్‌లో 5,000 మందికి పైగా పట్టే ఏంజెలస్ టెంపుల్ తెరిచింది, మరుసటి ఏడాదే సొంత రేడియో స్టేషన్ పెట్టింది. 1926 మేలో బీచ్‌లో మాయమై, నెల దాటాక మెక్సికో సరిహద్దులో తేలింది. కిడ్నాప్ చేశారంది. జనం సగం నమ్మారు, సగం నవ్వారు. ఆమె మీద పెట్టిన కేసును 1927 జనవరిలో ఎత్తేశారు. రెండు నెలలకే ఈ నవల వచ్చింది.

నాకు బాగా నచ్చిన సీన్ ప్రసంగం కాదండి, ఒక మీటింగ్. జెనిత్ నగరంలో పాస్టర్లు, వ్యాపారి బాబిట్ కూర్చుని షారన్‌ని పిలవాలా వద్దా అని తర్జనభర్జన పడతారు. అసలు చర్చ దేవుడి గురించి కాదు, ఖాళీ బెంచీలు, చర్చి ఖర్చుల గురించి. ఇది మతమా, సర్కసా అని ఒకాయన అడ్డుపడతాడు. అయినా చివరికి పిలుస్తారు. విలన్‌ని చర్చి బయట పెట్టిన డైరెక్టర్ రిచర్డ్ బ్రూక్స్, తలుపు తీసిందెవరో మాత్రం చూపించేశాడు. కోడ్‌కి దొరకని చోట పని కానిచ్చాడన్నమాట.

బర్ట్ లాంకాస్టర్‌కి, షర్లీ జోన్స్‌కి, స్క్రీన్‌ప్లేకి బ్రూక్స్‌కి ఆస్కార్లు వచ్చాయి. మంటల్లో షారన్ చనిపోయాక గాంట్రీ బ్యాగ్ పట్టుకుని వెళ్లిపోతాడు, సినిమా అయిపోతుంది. నవలలో ఆ మంటలు ఆరేసరికి కథ ఇంకా సగం ఉంటుంది. అతను మెథడిస్టు చర్చిలో చేరి పైకెక్కేది అక్కడి నుంచే.