వాటర్లూకు బదులు తీర్చిన గుఱ్ఱం

గుఱ్ఱప్పందెం అనగానే మనకు ముందుగా తోచేది జూదం; ఆ వెంటనే తోచేది ఇల్లూ వాకిలీ అమ్ముకున్నవారి కథ. ఆ అపప్రథ నిష్కారణమైనదేమీ కాదు. అయితే కొన్ని పందేలలో ఒడ్డినది ధనం మాత్రమే కాదు. పూర్వం అశ్వమేధం చేసే రాజు విడిచిన గుఱ్ఱం వెంట నడిచినది రాజ్యప్రతిష్ఠ. పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రాన్సులోనూ అటువంటి యాగాశ్వం ఒకటి ఉండేది. దాని కథకు ముందు, అది పరుగెత్తిన పందెం కథ చెప్పుకోవాలి.

ఆ పందెం పేరు 'గ్రాఁ ప్రీ ద పారీ'. పారిస్ మహాబహుమానమని అర్థం. అశ్వజాతిని వృద్ధి చేయాలని 1833లో పారిస్‌లో ఏర్పడిన సంఘం, తన పందేలను ఫ్రాన్సులో పుట్టి పెరిగిన గుఱ్ఱాలకే పరిమితం చేసింది. ఆ రోజులలో ఈ విద్యకు ఇంగ్లండే గురుపీఠం. ఇంగ్లీషు గుఱ్ఱాన్ని రానిస్తే బహుమతులన్నీ సముద్రం దాటిపోతాయన్న భయం ఆ నియమం వెనుక ఉంది. ఆ గోడకు తలుపు పెట్టినవాడు మూడవ నెపోలియన్‌కు ఒక తల్లి బిడ్డయైన మోర్నీ ప్రభువు. బూలోఞ్ వనంలో, సేన్ నది ఒడ్డున, 1857లో లోన్‌షాం మైదానం తెరుచుకుంది. అక్కడ మూడేళ్ల గుఱ్ఱాలకు, ఏ దేశపువైనా సరే, 3,000 మీటర్ల పందెం పెట్టాలని ఆయన సంకల్పించాడు. లక్ష ఫ్రాంకుల బహుమతిలో సగం పారిస్ నగరం, తక్కిన సగం అయిదు రైల్వే కంపెనీలు భరించాయి.

1863లో తొలి పందెం జరిగింది. భయపడ్డట్లే అయింది. 'ది రేంజర్' అనే ఇంగ్లీషు గుఱ్ఱం గెలిచింది. ఫ్రెంచి వారి ఆశలు మోసిన 'లా తూక్' అనే ఆడగుఱ్ఱం ఓడిపోయింది. మరుసటి ఏడు ఇంగ్లండు డెర్బీ గెలిచి వచ్చిన 'బ్లెయిర్ అథోల్'ను ఫ్రెంచి గుఱ్ఱం 'వెర్మూ' ఓడించడంతో లెక్క సరిపోయింది. ఇక 1865.

ఆ ఏడు ఫ్రెంచి గుఱ్ఱం 'గ్లాడియాతర్' ఇంగ్లండుకే వెళ్లి టూ థౌజండ్ గినీస్ గెలిచింది, డెర్బీ గెలిచింది. ఇంగ్లీషు డెర్బీని ఫ్రాన్సులో పుట్టిన గుఱ్ఱం గెలవడం అదే మొదలు. అటుపిమ్మట లోన్‌షాంకు వచ్చి మహాబహుమానమూ గెలుచుకున్నది. సెప్టెంబరులో సెయింట్ లెజర్ కూడా గెలిచి, ఇంగ్లీషువారి మూడు కిరీటాలనూ ధరించింది. వాటర్లూ యుద్ధం జరిగి అప్పటికి సరిగ్గా 50 ఏళ్లు. ఫ్రెంచి ప్రజలు ఆ గుఱ్ఱానికి 'వాటర్లూ పగ తీర్చినవాడు' అని బిరుదు ఇచ్చారు. దాని యజమాని లాగ్రాంజ్ ప్రభువు నెపోలియన్ సేనాని కుమారుడు కావడం ఆ బిరుదుకు మరింత వన్నె తెచ్చింది. పందెం పుట్టించిన మోర్నీ మాత్రం ఆ వైభవం చూడలేదు. ఆయన అదే ఏడు మార్చిలో కన్నుమూశాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. గ్లాడియాతర్‌కు శిక్షణ ఇచ్చిన టామ్ జెన్నింగ్స్ ఇంగ్లీషువాడు. శిక్షణ జరిగినది ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో. మీద కూర్చున్న రౌతు హ్యారీ గ్రిమ్‌షా కూడా ఇంగ్లీషువాడే. ఇంగ్లీషువారి మీద పగ తీర్చినది సగానికి సగం ఇంగ్లీషు చేతిపనే! జయజయధ్వానాల నడుమ ఈ సంగతి ఎవరికి పట్టింది?

అయిదేళ్లు తిరిగేసరికి అసలు యుద్ధమే వచ్చింది. 1870లో ప్రష్యా చేతిలో సామ్రాజ్యం కూలింది. 1871లో పందెమే జరగలేదు. లాగ్రాంజ్ తన గుఱ్ఱాలను అమ్ముకున్నాడు. గ్లాడియాతర్ ఇంగ్లండు చేరి, 1876లో అక్కడే మరణించింది. పగ తీర్చిన వీరుడికి చివరకు పగవారి గడ్డే విశ్రాంతిస్థలమైంది.

ఎమిల్ జోలా 1880లో వెలువరించిన 'నానా' నవలలో ఈ పందెం మీద ఒక ప్రకరణమే ఉంది. కథానాయిక పేరు పెట్టుకున్న గుఱ్ఱం గెలవగానే జనం ఆమెకూ ఫ్రాన్సుకూ కలిపి జేజేలు కొడతారు. నవల ముగింపులో నానా మశూచితో మరణిస్తుంటే, వీధిలో జనం బెర్లిన్ మీదికి దండెత్తాలని కేకలు వేస్తుంటారు. ఆ రెండు కేకలూ ఒకే గొంతులో పుట్టినవని జోలా ఎక్కడా చెప్పడు. చెప్పనవసరం లేదు.

మైదానం జూదరులదే కాదు, పౌరులది కూడా అయిన రోజు ఒకటి ఉంది. ద్రేఫస్ వివాదం ఫ్రాన్సును రెండుగా చీల్చిన 1899లో, జూన్ 4న ఓతేయ్ పందెపు మైదానంలో అధ్యక్షుడు లూబే మీద ఒక బారన్ చేతికఱ్ఱతో దాడి చేశాడు. వారం తిరిగి జూన్ 11న, మహాబహుమానం నాడు, గణతంత్రవాదులు తండోపతండాలుగా లోన్‌షాంకు తరలివచ్చి అధ్యక్షుడికి అండగా నిలిచారు. మర్నాడే ప్రధాని ద్యుప్యుయ్ మంత్రివర్గం పడిపోయింది. ఆనాడు ఏ గుఱ్ఱం గెలిచిందన్నది అప్రధానం.

ఇరవయ్యవ శతాబ్దంలో ప్రాభవం చేతులు మారింది. 1920లో అదే మైదానంలో మొదలైన 'ఆర్క్ ద త్రియోంఫ్' పందెం క్రమంగా పెద్దన్న స్థానం ఆక్రమించింది. 1939లో మహాబహుమానం గెలిచిన 'ఫారిస్'ను మరుసటి ఏడు జర్మన్లు పట్టుకుపోయారు. యుద్ధం ముగిశాక గాని అది తిరిగి రాలేదు. 1943 ఏప్రిల్‌లో మిత్రరాజ్యాల బాంబులు లోన్‌షాం మీదే పడ్డాయి. ఆ ఏడూ, మరుసటి ఏడూ మహాబహుమానం ల త్రాంబ్లే మైదానానికి తరలింది. పందెపు దూరం 1987లో 2,000 మీటర్లకు తగ్గి, 2005 నుండి 2,400 మీటర్లయింది.

లోన్‌షాం ప్రవేశద్వారం వద్ద గ్లాడియాతర్ నిలువెత్తు కంచువిగ్రహం ఉంది. గుఱ్ఱానికి వాటర్లూ తెలియదు. తన మీద ఏ జెండా ఉన్నదో తెలియదు. పరుగెత్తమన్నారు, పరుగెత్తింది. పగలూ ప్రతిష్ఠలూ ఒడ్డున నిలబడి చూసేవారివి. అశ్వమేధంలోనూ, ఆలోచిస్తే, గుఱ్ఱం పాలు ఇంతే కదా!