కేశ్‌కాల్ ఘాట్ ఎక్కే బండి

భిలాయ్ నుంచి విజయనగరానికి రెండు దారులు. ఒకటి ఇనుప దారి. రాయపూర్, మహాసముంద్, కాంటాబంజీ, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా 1931లో పూర్తయిన రైలు మార్గం. రెండోది కొండ దారి. రాయపూర్‌లో మొదలై ధమ్‌తరీ, కాంకేర్, కేశ్‌కాల్, జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు దాటి విజయనగరంలో దింపే పాత 43వ నంబరు జాతీయ రహదారి. సుమారు 550 కిలోమీటర్లు. ఇప్పుడదే 30, 63, 26 అని మూడు నంబర్లుగా చీలింది.

దేశమంతటికీ రైలు పట్టాలు చేసే ఊరు భిలాయ్. అక్కడ పని చేసేవాడు ఇంటికి పట్టాల మీదే వెళ్లడం న్యాయం. దుర్గ్, విశాఖ మధ్య నడిచిన పాసింజరు బండి ఎన్ని కుటుంబాలను, ఎన్ని ట్రంకుపెట్టెలను, ఎన్ని ఆవకాయ జాడీలను మోసిందో లెక్క లేదు. కానీ చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే కుర్రాళ్ల కన్ను రెండో దారి మీద పడేది. కేశ్‌కాల్ ఘాట్‌లో 12 మలుపులు. బారా భాంవర్ అంటారక్కడ. ఆ మలుపులు ఎక్కాలి, వెనక మనిషినీ మూటనీ మోయాలి, ఊరి పొలిమేరలో తారు అయిపోయాక గట్టు మీదా నడవాలి, ధర జీతానికి అందాలి. అలాంటి బండి కావాలి. దీన్నే ప్రపంచం డ్యూయల్ స్పోర్ట్ అంటుంది. మనవాళ్లకు ఆ మాట తెలియకముందే ఆ అవసరం తెలుసు.

సోవియట్ యూనియన్‌తో భిలాయ్ ఉక్కు కర్మాగారం ఒప్పందం 1955లో కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జనం దేశాలు పట్టుకుని అక్కడికి చేరారు. సెక్టార్ 5లో బాలాజీ గుడి వెలిసింది. ఖుర్సీపార్ వీధుల్లో ఇవాళ్టికీ ఉత్తరాంధ్ర యాస హిందీతో కలిసి వినిపిస్తుంది. దల్లీ రాజ్‌హరా గనుల నుంచి ఇనుప ఖనిజం, నందిని గనుల నుంచి సున్నపురాయి వచ్చేవి. ఆ గనుల దారులన్నీ మొరం దారులే. ఎండాకాలం ఎర్ర దుమ్ము, వానాకాలం ఎర్ర బురద.

ఇక్కడ ఒక పోలిక నాకు ఎప్పుడూ తమాషాగా తోస్తుంది. రెండో పంచవర్ష ప్రణాళికలో మూడు పెద్ద ఉక్కు కర్మాగారాలు లేచాయి. భిలాయ్‌కి రష్యా, రూర్కెలాకు పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌కు ఇంగ్లండ్ సాయం చేశాయి. ఆ కాలంలోనే మోటారు సైకిళ్లూ అలాగే తలా ఒక దేశం నుంచి వచ్చాయి. ఇంగ్లండ్ బుల్లెట్ 1955లో మద్రాసు చేరింది. తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. చెకోస్లోవేకియా జావా మైసూరు చేరింది. ఐడియల్ జావా కంపెనీ 1960లో పుట్టింది. పోలండ్ ఎస్‌హెచ్‌ఎల్ బండి 1962లో ఎస్కార్ట్స్ చేతిలో రాజ్‌దూత్ అయింది. దిగుమతి లైసెన్సులు, విదేశీ మారకం కరువు ఉన్న రోజులవి. ఏ దేశం పరిజ్ఞానం ఇస్తే ఆ దేశం బండే మన బండి. భిలాయ్ కార్మికుడు రష్యా కొలిమి దగ్గర షిఫ్టు ముగించి పోలండ్ బండెక్కి క్వార్టరుకు వెళ్లేవాడంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

మూడింటిలో గట్టు దారికి ఏది గొప్ప? నా ఓటు రాజ్‌దూత్‌కే. 173 సీసీ, రెండు స్ట్రోకుల ఇంజను, మూడే గేర్లు. పరుగు తీయదు, అయితే ఆగదు. పాలవాళ్లు క్యాన్లు కట్టుకు తిరిగారంటే అర్థం చేసుకోవచ్చు. జావా అందగత్తె. గేరు వేసే కడ్డీనే మడిచి కిక్ కొట్టే ఏర్పాటు దానిది. కొత్తవాళ్లకు అదో మాయ. 1973లో అది యెజ్డీ అని పేరు మార్చుకుంది.

బుల్లెట్ సంగతి వేరు. 346 సీసీ. అప్పట్లో ‘పెద్ద బండి’ అంటే అదొక్కటే. దాన్ని స్టార్ట్ చేయడం ఒక విద్య. డీకంప్రెసర్ మీట నొక్కి, అమ్మీటరు ముల్లును నడిమికి తెచ్చి, అప్పుడు కిక్ కొట్టాలి. ముల్లు ఒప్పుకోకముందే కొడితే కాలిపిక్క బుద్ధి చెబుతుంది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకటో గేరు పైకి, మిగతావి కిందికి. అది నేర్చుకున్నవాడు వేరే బండెక్కితే గేరు అనుకుని బ్రేకు తొక్కేవాడు. ఊళ్లో చింతచెట్టు కింద అది ఆగితే ముసలాళ్లు చుట్టూ తిరిగి చూసి, “ఏట్రా బాబూ, ఇది బండా ఏనుగా?” అనేవారు. సరిహద్దుల్లో సైన్యం తోలిన బండి అది. ఘాట్ ఎక్కడానికి దానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. ధరే ఎక్కువ.

ఈలోగా బయటి ప్రపంచంలో ఈ జాతి బండ్లకు పేరొచ్చింది. 1968లో యమహా డీటీ-1 వచ్చింది. 246 సీసీ, రోడ్డు మీదా రాళ్లలోనూ నడిచే తేలిక బండి. 1978 డిసెంబరు 26న పారిస్ నుంచి డకార్‌కు మొదటి ఎడారి పందెం బయలుదేరింది. యమహా ఎక్స్‌టీ 500 మీద సిరిల్ నెవూ గెలిచాడు. 1980లో బీఎండబ్ల్యూ ఆర్ 80 జీ/ఎస్‌తో పెద్ద ఇంజను వచ్చి చేరింది. 1987లో కవసాకీ కేఎల్‌ఆర్ 650 వచ్చాక అమెరికాలో మామూలు జీతగాడికి కూడా ఖండాలు దాటగల బండి దొరికింది.

మనకు మాత్రం అప్పట్లో స్కూటరుకే ఏళ్ల తరబడి క్యూ. విదేశీ మారకంలో డబ్బు కడితే బజాజ్ స్కూటరు ముందుగా చేతికొచ్చేది. దేశం దాటిన అన్నయ్యో బావగారో డాలర్లు పంపితే ఇక్కడి తమ్ముడి ఇంటి ముందు స్కూటరు నిలిచేది. పరాయి దేశంలో ఉండి బండి కొనడమంటే ఆ తరానికి అర్థం అదే. కొనేవాడు అక్కడ, తోలేవాడు ఇక్కడ.

1985 ప్రాంతంలో జపాన్ వాళ్లు వచ్చారు. సీడీ 100, ఆర్‌ఎక్స్ 100. పెట్రోలు తక్కువ తాగే చిన్న బండ్లు. రాజ్‌దూత్ వెనకపడింది. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. గట్టెక్కే బండి కావాలన్న కోరిక మాత్రం మూతపడలేదు.

పరాయి ఊళ్లో కొన్న బండిని ఇంటికి చేర్చడం మరో కథ. రైల్వే పార్సిల్ ఆఫీసు దగ్గర నిలబడి చూడండి. ట్యాంకులో పెట్రోలు చుక్క మిగలకుండా తీసేయాలి. హెడ్‌లైటు, ట్యాంకు, అద్దాల చుట్టూ గడ్డి పెట్టి గోనెపట్టా కుట్టాలి. అట్టముక్క మీద ఎక్కే స్టేషను, దిగే స్టేషను పేర్లు రాసి కట్టాలి. ఆర్‌సీ జిరాక్సు, గుర్తింపు కార్డు జిరాక్సు, ఫార్వర్డింగ్ నోటు ఇవ్వాలి. అవతల స్టేషనులో గోనె విప్పి, సీసాలో తెచ్చుకున్న పెట్రోలు పోసి, మొదటి కిక్కుకే ఇంజను పలికితే ఆ ఆనందం పెళ్లికూతురు గృహప్రవేశం చేసినంత.

ఆ తర్వాత మొదలవుతుంది కాగితాల ఘాట్ రోడ్డు. దానికి మలుపులు 12 కంటే ఎక్కువే. 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. 48వ సెక్షన్ కింద పాత ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తేవాలి. కొత్త రాష్ట్రంలో పన్ను ముందు కట్టి, పాత రాష్ట్రం నుంచి మిగిలిన పన్ను వాపసుకు తిరగాలి. భిలాయ్ వాళ్లకు మరో చిక్కు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక దుర్గ్ జిల్లా బండ్లకు సీజీ 07 వచ్చింది. అంతకుముందు కొన్న బండి మధ్యప్రదేశ్ అక్షరాలతోనే ఉండిపోయింది. బండి కదల్లేదు, రాష్ట్రమే కదిలింది. 2014 రాష్ట్ర విభజన చూసిన మనకు ఇది కొత్తగా చెప్పాలా?

2021 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన బీహెచ్ సిరీస్ ఈ ఘాట్‌కు కాస్త తారు వేసింది. సైన్యం, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకూ, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల వాళ్లకూ అది వర్తిస్తుంది. పన్ను రెండేళ్లకోసారి కట్టుకోవచ్చు. ఉక్కు ఉద్యోగికి ఇది సరిగ్గా సరిపోయే ఏర్పాటు. కాంట్రాక్టు కార్మికుడికి మాత్రం అందదు. రాష్ట్రాలు మారి బతికేది ఎక్కువగా అతనే!

2016 మార్చిలో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వచ్చింది. 411 సీసీ, ముందు చక్రం 21 అంగుళాలు, నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తు, 15 లీటర్ల ట్యాంకు. ధర లక్షన్నర దాటి కొంచెం. బలం 24.5 హార్స్ పవరే. వేగం కోరేవాళ్లు పెదవి విరిచారు. సాలూరు ఘాట్‌లో వేగం ఎవడికి కావాలి? అరవై ఏళ్లుగా వెతుకుతున్న బండి కాగితం మీద అచ్చంగా ఇదే. 2018లో అదే బండిని అమెరికాలో 4,499 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. అక్కడి ధరల్లో అది చవక బండి. తిరువొత్తియూరు పేరు తాతయ్య నోట విన్న భిలాయ్ మనవడు టెక్సాస్‌లో అదే గుర్తు బండి కొనుక్కోవచ్చు. డాలర్ల కోటా ఈసారి తిరగబడింది. తక్కువ బడ్జెట్‌లో 2019 మేలో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. మొదటి ధర లక్షలోపు. మొరం దారికి నిజంగా తేలికైన బండి అదేనని నా నమ్మకం. కానీ ‘పెద్ద బండి’ అంటే ఊళ్లో ఒప్పుకోరు.

2023 నవంబరులో 452 సీసీ కొత్త హిమాలయన్ ధరను రెండున్నర లక్షలు దాటించింది. ఆపైన 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ గీత మారింది. 350 సీసీ, అంతకు తక్కువైతే 18 శాతం. దాటితే 40 శాతం. అంటే ఘాట్ కోసం చేసిన బండి విలాస వస్తువుల పక్కన చేరింది. గీతకు ఇవతల నిలబడ్డ వాటిలో ఒకదాని పేరు చూడండి. యెజ్డీ అడ్వెంచర్, 334 సీసీ. 1996లో మైసూరులో ఆగిన పేరు 2022 జనవరిలో ఇలా గట్టు దారి బండిగా తిరిగొచ్చింది. ఇంత కాలం తర్వాత కూడా ఏ బండి మనకు అందాలో ఇంజను కంటే ముందు సర్కారు గీతే చెబుతోంది.

భిలాయ్‌లోనో రూర్కెలాలోనో ఉండి ఇప్పుడు బండి కొనే తెలుగు కుర్రాడికి చెప్పేది ఇదే. ముందు సీసీ చూడు, అది 350కి ఇవతలే ఉండనీ. తర్వాత మీ ఆఫీసులో బీహెచ్ సిరీస్ కాగితం ఇస్తారేమో అడుగు. ఆ తర్వాతే రంగు చూసుకో. రాయపూర్, విశాఖ మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి వేస్తున్నారు. నువ్వు మాత్రం ఒక్కసారైనా పాత దారినే పోయి రా. కేశ్‌కాల్‌లో ఆగి ఇంజను చల్లారనిచ్చి, మళ్లీ బయలుదేరు.