హైదరాబాద్ ఫ్రెంచి దళం

రెండవ నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండ్ ఐరోపా పద్ధతిలో తీర్చిదిద్దిన సిపాయిల సైన్యం.

చరిత్ర: 1795లో ఖర్దా వద్ద మరాఠాలతో జరిగిన యుద్ధంలో ఈ దళం పాల్గొంది. 1798 మార్చి 25న రేమండ్ మరణించాడు, అతని స్థానంలో పిరాన్ అనే అధికారి నాయకుడయ్యాడు. టిప్పు సుల్తాన్‌తో ఫ్రెంచివారు చేతులు కలుపుతారేమోనని ఇంగ్లీషువారికి భయం. అందుకే ఈ దళాన్ని రద్దు చేయించేలా 1798 సెప్టెంబరు 1న నిజాంతో ఒప్పందం చేసుకున్నారు. జీతం బకాయిల కోసం సిపాయిలు తమ అధికారులపై తిరగబడి ఉండగా, అక్టోబరులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ బలగాలు చుట్టుముట్టి, నెత్తురు చిందకుండానే వారి ఆయుధాలు దింపించాయి. హైదరాబాద్‌లో ఫ్రెంచి ప్రాబల్యం దాంతో ముగిసింది.

ఆనవాళ్లు: నాగోల్‌కు పశ్చిమాన, దిల్‌సుఖ్‌నగర్‌కు చేరువలో ఆస్మాన్‌గఢ్ గుట్టపై రేమండ్ సమాధి ఉంది. నల్లరాతి సమాధి పక్కన నిలిచిన రాతి స్తంభంపై ‘జే.ఆర్.’ అక్షరాలు కనిపిస్తాయి. జనం ఆయనను ‘మూసా రామ్’, ‘మూసా రహీమ్’ అని ఆప్యాయంగా పిలుచుకున్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే. శత్రుత్వాలు మాసిపోయినా ఈ మమకారం నిలిచింది. పదిలంగా కాపాడుకోవలసిన గుట్ట ఇది.