ఫోను మనదే, తాళంచెవి ఎవరిది?

2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరు ఫోనులోనే పడాలని కేంద్రం తప్పనిసరి చేసింది. వ్యక్తిగత లబ్ధిదారుల పనులను మాత్రం మినహాయించింది. ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్‌లో పని జరిగే చోట కూలీల ఫొటోలు రోజుకు రెండుసార్లు తీసి ఎక్కించాలి. ఫొటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. ఆ పనుల్లో దళిత, ఆదివాసీ మహిళలు ఎంతమంది ఉంటారో మనకు తెలుసు. స్మార్ట్‌ఫోను ఇప్పుడు హక్కు అందుకునే గుమ్మం అయింది. ఆ గుమ్మం తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నను ఇంజనీర్లకు వదిలేయలేం.

గుత్తాధిపత్యం ఎలా నిలబడింది?

మన దేశంలోని స్మార్ట్‌ఫోన్లలో నూటికి 90కి పైగా ఆండ్రాయిడ్‌వే. ఆండ్రాయిడ్ మూల కోడ్ బహిరంగమే, ఎవరైనా తీసుకోవచ్చు. కానీ ప్లే స్టోర్ గూగుల్ సొంత ఆస్తి. ప్లే స్టోర్ లేని ఫోను మార్కెట్‌లో అమ్ముడుపోదు. అది కావాలనుకున్న ఫోన్ల కంపెనీ గూగుల్ యాప్‌లన్నిటినీ ముందే ఎక్కించి, అవి కళ్లకు కనిపించే చోట పెట్టాలన్న షరతుకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్‌ను మార్చి తయారుచేసిన వేరే రూపాలతో ఫోన్లు అమ్మకూడదన్నది మరో షరతు.

ఐఫోన్‌లో పట్టు ఇంకా గట్టిది. మన దేశంలో ఆపిల్ సొంత స్టోర్ తప్ప మామూలు వాడకందారుకు వేరే దారి లేదు. ఐరోపా సమాఖ్యలో డిజిటల్ మార్కెట్ల చట్టం వచ్చాక, 2024 మార్చి నుంచి అక్కడ ఇతర స్టోర్లకు ఆపిల్ అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. అంటే అడ్డు సాంకేతికతలో లేదు, కంపెనీ నిర్ణయంలో ఉంది.

మన దేశంలో ఏం జరిగింది?

కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2022 అక్టోబరు 20న గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫోన్ల కంపెనీలపై పెట్టిన షరతులు ఆధిపత్య దుర్వినియోగమని తేల్చింది. ఐదు రోజుల తర్వాత, ప్లే స్టోర్ చెల్లింపుల విధానంపై మరో 936.44 కోట్లు వేసింది.

2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ మొదటి జరిమానాను సమర్థించింది కానీ కమిషన్ ఇచ్చిన నాలుగు ఆదేశాలను కొట్టేసింది. ముందే ఎక్కించిన యాప్‌లను వాడకందారు తీసేసుకునే వీలు, ప్లే స్టోర్‌లో ఇతర స్టోర్లకు చోటు, స్టోర్‌తో పనిలేకుండా యాప్ నేరుగా ఎక్కించుకునే సైడ్‌లోడింగ్‌కు అడ్డు పెట్టకపోవడం ఆ నాలుగింటిలోవే. 2025 మార్చిలో రెండో జరిమానా 216.69 కోట్లకు తగ్గింది. జరిమానా సంగతి పత్రికల్లో పెద్దగా వచ్చింది. వాడకందారు చేతికి రావాల్సిన అధికారం మాత్రం తీర్పు మధ్యలో జారిపోయింది.

తీసేసే అధికారం

ఒకే ద్వారం ఉంటే దాన్ని మూయడం తేలిక. 2019లో హాంకాంగ్ నిరసనల సమయంలో పోలీసుల కదలికలు చూపే మ్యాప్ యాప్‌ను ఆపిల్ తొలగించింది. 2021లో రష్యా ఎన్నికల వేళ ప్రతిపక్ష నేత నవాల్నీ బృందం యాప్‌ను ఆపిల్, గూగుల్ రెండూ తీసేశాయి. మన దేశంలో 2020 జూన్‌లో టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను ప్రభుత్వం నిషేధించింది. పల్లెల్లోని దళిత బహుజన కళాకారులు సంపాదించుకున్న వేదిక దాంతోపాటే పోయింది. 2023 మేలో ఎలిమెంట్, బ్రయర్ వంటి 14 మెసేజింగ్ యాప్‌ల వంతు వచ్చింది.

2024 మార్చిలో కమిషన్ వివాదంలో గూగుల్ కొన్ని మ్యాట్రిమొనీ, ఉద్యోగాల యాప్‌లను తీసేసింది. కేంద్ర మంత్రి జోక్యంతో అవి రోజుల్లోనే తిరిగొచ్చాయి. రేపు ఒక దళిత సంఘం యాప్ పోతే ఏ మంత్రి ఫోన్ చేస్తాడు?

భద్రత మాటేమిటి?

2025 ఆగస్టులో గూగుల్ కొత్త నిబంధన ప్రకటించింది. స్టోర్ బయట పంచే యాప్‌లు సైతం ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కాలంటే, తయారుచేసినవాళ్లు తమ గుర్తింపును గూగుల్ దగ్గర నమోదు చేసుకోవాలి. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో మొదలుపెట్టి మిగతా దేశాలకు విస్తరిస్తామంది. విమర్శలు వచ్చాక, అనుభవమున్న వాడకందార్లకు ప్రత్యేక మార్గం ఇస్తామని చెప్పింది.

మోసాలను ఆపడానికే ఇదంతా అని గూగుల్ వాదన. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైళ్లు నొక్కి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. కానీ ప్రాణాలు తీసిన లోన్ యాప్‌ల సంగతి గుర్తుచేసుకోండి. 2021 ఏప్రిల్ నుంచి 2022 జులై మధ్య 2,500కు పైగా లోన్ యాప్‌లను ప్లే స్టోర్ నుంచే తొలగించారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. కాపలా ఉన్న ద్వారం గుండానే దొంగలు వచ్చారు. మరోవైపు, దాడుల సమాచారం సేకరించే యాప్ చేసిన విద్యార్థి తన పేరు, చిరునామా ఒక కంపెనీకి అప్పగించాల్సి వస్తే ఆ జాబితా ఎవరి చేతికి చేరుతుందన్న భయం అతనికి ఉంటుంది. పేరుతో కులం తెలిసిపోయే సమాజంలో అజ్ఞాతం కూడా రక్షణే.

మహద్ చెబుతున్నది

1923లో బొంబాయి శాసనమండలి, 1924లో మహద్ మునిసిపాలిటీ నీటి వనరులను అందరికీ తెరిచాయి, కాగితం మీద. 1927 మార్చి 20న అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగేదాకా ఆ హక్కు నేల మీదికి రాలేదు. అంటరానితనపు క్రూరత్వాన్ని ఫోనుతో పోల్చడం లేదు. హక్కు రాసి ఉండటం వేరు, అనుమతి అడగకుండా వాడుకోగలగడం వేరు అన్న పాఠాన్ని తీసుకుంటున్నాం, అంతే.

మన సంఘాలు చేయగలిగినవి ఉన్నాయి. యాప్ ఉన్నా, అదే సమాచారం బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్‌సైట్ తప్పక ఉంచుకోవాలి. సభ్యుల ఫోన్ నంబర్లు ఒకే యాప్‌లో చిక్కుకోకుండా విడిగా భద్రపరచుకోవాలి. బహిరంగ కోడ్ ఉన్న యాప్‌లను అందించే ఎఫ్-డ్రాయిడ్ లాంటి స్టోర్లను విద్యార్థులు వాడి చూడాలి. కమిషన్ ఉత్తర్వులు దాని వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి, చదివి చర్చ పెట్టాలి. అన్నిటికన్నా ముందు ఒక డిమాండ్: ఫోను లేని మనిషికి, యాప్ పనిచేయని రోజుకు, ప్రతి పథకంలో కాగితం దారి ఉండాలి. కూలి చేసిన మనిషి హాజరు ఏ స్టోర్ దయ మీదా ఆధారపడకూడదు.