బాలకవికి శరణ్యం ఎక్కడ? - పద్యం, నియమం, చెన్నపట్టణం

కవితల పోటీ ప్రకటన ఏది చూసినా కవిత్వాన్ని గురించి ఒక వాక్యమూ, నిబంధనలను గురించి పది వాక్యాలూ కనిపించడం మనకు కొత్త కాదు. పంక్తులు ఇన్నికి మించరాదు, హామీ పత్రం జతపరచాలి, నిర్ణేతలదే తుది నిర్ణయం. ఈ చిల్లర నియమాల మీద యువకవులు విసుక్కోవడమూ కొత్త కాదు. ఆ విసుగుకు చెన్నపట్టణంలోనే పెద్ద చరిత్ర ఉంది. దానిని స్థూలంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా ఉండిన పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణాన్ని వెలువరించారు. సూత్రరచనలో దానికి సాటి వచ్చే గ్రంథం తెలుగులో అరుదు. అయితే, విద్యార్థుల కోసం పుట్టిన పుస్తకం క్రమంగా కవులకు తీర్పరి అయింది. సూరి చెప్పనివి ఇంకా మిగిలి ఉన్నాయని 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణం రాయవలసి వచ్చింది. దీన్నిబట్టి భాష సూత్రాలకు పూర్తిగా లొంగలేదని పండితులకే తెలుసునని చెప్పవచ్చు. అయినా సూత్రంలో లేని ప్రయోగాన్ని తప్పుగా లెక్కించే అలవాటు పోలేదు.

ఆ తప్పుల పట్టిక ఎలాంటిదో చూడండి. మూఁడు, వాఁడు అన్న మాటల్లో అరసున్న వదిలితే దోషం. ఆఱు, తెఱచు అన్న చోట సాధురేఫ రాస్తే దోషం. ఈ రెండు రేఫలను ప్రాసలో కలిపితే మరింత దోషం. ఇవి అర్థం లేని గుర్తులని నేననడం లేదు. పక్కనే ఉన్న తమిళంలో 'మూన్ఱు', 'ఆఱు' వింటున్న చెన్నపట్టణం తెలుగువారికి వీటి మూలం సులభంగానే బోధపడుతుంది. ఒకప్పటి నిండు అనుస్వారానికి అరసున్న ఆనవాలు, ఒకప్పటి వేరు ధ్వనికి ఱ ఆనవాలు. చిక్కల్లా ఎక్కడంటే, నోటిలో తేడా పోయి ఎంతోకాలమైన తరవాత కూడా, చెవితో పద్యం కట్టే కుర్రవాడిని నిఘంటువు చూసి కట్టమనడంలో ఉంది.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు తమ ఒక గ్రంథానికి 'బాలకవి శరణ్యము' అని పేరు పెట్టడం ఈ సందర్భంలో గమనించదగ్గది. ఆయన పద్ధతి నియమాలను తిట్టడం కాదు. సూత్రం కాదన్న రూపాలను, క్త్వార్థక సంధి మొదలైన వాటిని, పూర్వకవుల కావ్యాల నుంచే ఏరి చూపించడం ఆయన పద్ధతి. లక్ష్యం ముందు, లక్షణం తరవాత అన్న పాత సూత్రాన్నే ఆయన పండితులకు గుర్తు చేశారు. పెద్దకవి రాస్తే ప్రయోగం, చిన్నకవి రాస్తే దోషం అనే ద్వంద్వనీతిని అలా బయటపెట్టారు.

ఈ వివాదం పద్యాలతో ఆగలేదు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. జయంతి రామయ్య పంతులుగారు మొదలైనవారు గ్రాంథిక పక్షాన నిలిచారు. విద్యార్థి పరీక్షలో ఏ తెలుగులో వ్యాసం రాయాలన్నది మద్రాసు విశ్వవిద్యాలయం ముందుకు వచ్చినప్పుడు, 1914లో గురజాడ అప్పారావుగారు తమ అసమ్మతి పత్రం సమర్పించారు. ఆ మరుసటి ఏడే, 1915లో, ఆయన కన్నుమూశారు. నాటికి పరిషత్తు పక్షానిదే పైచేయి. ఇంట్లో మాట్లాడే మాట రాసిన పిల్లవాడికి మార్కులు పోయే పరిస్థితి అది. నియమం చిల్లరదే కావచ్చు, నష్టం మాత్రం చిల్లరది కాదు.

అణచిన విసుగు వేరే దారి వెతుక్కుంటుంది. 1939లో పఠాభి 'ఫిడేలు రాగాల డజన్'లో చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని పేరెత్తి మరీ ధిక్కరించారు. దానికి ముందుమాట శ్రీశ్రీది. శరణ్యం దొరకని బాలకవి తిరుగుబాటుకు దిగడంలో ఆశ్చర్యమేముంది?

అలాగని నియమమే కవిత్వానికి శత్రువనడం తొందరపాటు. అవధానాన్ని చూడండి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డం పడతాడు. అంతకన్న చిల్లర నియమం ఇంకేముంటుంది? అయినా తిరుపతి వేంకట కవులు దానిని ఊరూరా ఉత్సవం చేశారు. అక్కడ పృచ్ఛకుడు ఎదురుగా కూర్చుంటాడు, కవి తిరిగి జవాబు చెప్పగలడు, సభ రెండు వైపులా వింటుంది. పరీక్షకుడు కనిపించని చోట, కారణం చెప్పని చోట అదే నియమం వేధింపు అవుతుంది.

నేటి పోటీలలో అరసున్న లెక్క దాదాపు పోయింది, పంక్తుల లెక్క వచ్చింది. నిర్వాహకులకు హద్దులు అవసరమే. వందల కవితలు చదవవలసిన నిర్ణేతల కష్టమూ తెలుసు. కాని తిరస్కరించిన కవితకు కారణం ఒక్క వాక్యంలోనైనా రాసి పంపితే, గిడుగువారు కోరిన శరణ్యంలో కొంతైనా ఆ బాలకవికి దక్కుతుంది.